ఓడలో 'గ్రాట్యుటీ': టిప్పా? జీతమా?

గ్రాట్యుటీ అనగానే మనకు గుర్తొచ్చేది పదవీ విరమణ. ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన వ్యక్తి చేతికి వచ్చే మొత్తం. ఆ డబ్బుతో అమ్మాయి పెళ్ళి చేసినవాళ్ళు, సగంలో ఆగిన ఇల్లు పూర్తి చేసుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకే అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి, వాళ్ళు సరదాగా క్రూయిజ్ ఓడ ఎక్కిస్తే, ఆ బిల్లులో 'గ్రాట్యుటీ' అన్న మాట చూసి మన పెద్దవాళ్ళు తికమకపడతారు. "గ్రాట్యుటీ మనకు రావాలిగానీ, మనం కట్టడమేమిటే?" అని అడుగుతారు.

వినడానికి నవ్వొచ్చే ప్రశ్నే. కానీ కాస్త ఆలోచిస్తే అసలు సంగతంతా అందులోనే ఉంది. పనిచేసినవాళ్ళకు యజమాని ఇవ్వవలసిన డబ్బును ప్రయాణికులు ఎందుకు ఇస్తున్నారు? ఇవ్వకపోతే ఎవరికి నష్టం? ఓడ ప్రయాణాలు మధ్యతరగతి ఇళ్ళకూ దగ్గరవుతున్న ఈ రోజుల్లో ఇది తెలుసుకోవలసిన విషయమే. ఓడ ఎక్కేవాళ్ళకే కాదు, ఓడ ఉద్యోగానికి పిల్లల్ని పంపే తల్లులకు కూడా.

లెక్క ఎంత?

మయామీ నుంచి బహమాస్ దీవులకో, సియాటిల్ నుంచి అలాస్కాకో వెళ్ళే పెద్ద క్రూయిజ్ కంపెనీలు చాలావరకు మనిషికి, రోజుకు ఇంత అని గ్రాట్యుటీ వేస్తాయి. మామూలు గదులకు ఇది 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. ఖరీదైన సూట్లకు ఇంకా ఎక్కువ. కార్నివాల్ కంపెనీ 2023 ఏప్రిల్‌లో దీన్ని పద్నాలుగున్నర డాలర్ల నుంచి 16 డాలర్లకు పెంచింది. మిగతా కంపెనీలూ అటూ ఇటూగా అదే దారి పట్టాయి.

రోజుకు 16 డాలర్లే కదా అనిపిస్తుంది. నలుగురున్న కుటుంబం వారం రోజులు తిరిగితే 448 డాలర్లు! డాలరు 85 రూపాయలనుకున్నా 38 వేల రూపాయలు. గదికి కాదు, మనిషికి లెక్క కాబట్టి పిల్లలకూ పడుతుంది. మరీ పసివాళ్ళను మాత్రం కొన్ని కంపెనీలు వదిలేస్తాయి. ఇది కాక కూల్ డ్రింకు కొనుక్కున్నా, ఓడలోని బ్యూటీ పార్లర్‌కు వెళ్ళినా, ఆ బిల్లు మీద మరో 18 నుంచి 20 శాతం కలుస్తుంది.

టికెట్ కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించే ధరలో ఈ డబ్బు ఉండదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. తప్పనిసరిగా కట్టవలసిన రుసుములన్నీ ప్రకటించే ధరలోనే చూపాలన్నది దాని సారాంశం. దాంతో పెద్ద క్రూయిజ్ కంపెనీలు రేవు రుసుములు వగైరా టికెట్ ధరలో కలిపి చూపడం మొదలుపెట్టాయి. గ్రాట్యుటీ మాత్రం బయటే ఉండిపోయింది. ఎందుకంటే కాగితం మీద అది 'తప్పనిసరి' కాదు. మీ ఇష్టం! ఇష్టమైతేనే ఇవ్వండంటూ ముందే బిల్లులో వేసేస్తారు. ఇందులోని చమత్కారం అదే.

కవరు నుంచి బిల్లులోకి

పూర్వం ఇలా ఉండేది కాదు. ఓడలో ప్రతి కుటుంబానికీ భోజనాల హాల్లో ఒక బల్ల, ఒక వేళ కేటాయించేవారు. వారమంతా అదే వెయిటరు వడ్డించేవాడు. గది సర్దే స్టీవార్డు కూడా ఒక్కడే. ప్రయాణం ముగిసే ముందు రాత్రి చిన్న కవర్లలో డబ్బు పెట్టి ఎవరిది వాళ్ళ చేతికి ఇచ్చేవారు. ఇచ్చేవాళ్ళకు ఎవరికి ఇస్తున్నామో తెలిసేది. పుచ్చుకునేవాళ్ళకు ఎవరిచ్చారో తెలిసేది.

2000 సంవత్సరంలో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ తినే పద్ధతి తెచ్చింది. మిగతా కంపెనీలూ క్రమంగా అలాంటి సౌకర్యాలు పెట్టాయి. రోజుకో బల్ల, పూటకో వెయిటరు అయినప్పుడు ఇక కవరు ఎవరికివ్వాలి? అందుకని అందరి దగ్గరా ఒకే లెక్కన వసూలు చేసి, సిబ్బందికి పంచే పద్ధతి స్థిరపడింది. దీనివల్ల ఒక మేలు జరిగిన మాట నిజమే. మనకు కనిపించని మనుషులకూ వాటా వచ్చింది. ఓడ అడుగున దుప్పట్లు ఉతికేవాళ్ళు, తెల్లవార్లూ గిన్నెలు తోమేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు. వీళ్ళకు ఎవరు కవరిస్తారు?

కానీ దాంతోపాటే ఇంకొకటీ జరిగింది. ప్రయాణికులు సంతోషించి ఇచ్చే బహుమతి నెలనెలా లెక్కగా వచ్చే ఆదాయమైంది. లెక్కగా వచ్చే ఆదాయం ఉంటే యజమానికి జీతం పెంచవలసిన తొందర ఏముంటుంది?

జెండా ఒకరిది, చట్టం ఇంకొకరిది

"అమెరికా కంపెనీ కదా, అక్కడ గంటకింత అని కనీస వేతనం ఉండదా?" అని మీరడగవచ్చు. ఉంది. 2009 నుంచీ అక్కడి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అయితే మయామీ రేవులో కనిపించే పెద్ద ఓడల్లో ఎక్కువ భాగం అమెరికా జెండా కింద నడవవు. బహమాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి చిన్న దేశాల్లో రిజిస్టరై ఉంటాయి. ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తే ఆ దేశపు చట్టమే అందులోని పనివాళ్ళకు వర్తిస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడల సిబ్బందికి అమెరికా తన కనీస వేతన చట్టాన్ని వర్తింపజేయదు. కంపెనీ ఆఫీసు ఒక దేశంలో, జెండా ఇంకో దేశానిది, పనివాళ్ళు ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, ఇండియాల నుంచి. ఇక అడిగేదెవరు?

అంతర్జాతీయంగా కొంత రక్షణ లేకపోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన నావికుల ఒప్పందం 2013 ఆగస్టు నుంచి అమలులో ఉంది. మన దేశం 2015 అక్టోబరులో దాన్ని ధ్రువీకరించింది. పనివాళ్ళకు రోజుకు కనీసం పది గంటలు, వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని, లేదా పనిగంటలు రోజుకు 14, వారానికి 72 మించకూడదని ఆ ఒప్పందం చెబుతుంది. అంటే వారానికి 72 గంటలు పని చేయించుకోవడం తప్పు కాదన్నమాట! మన ఆఫీసుల్లో 48 గంటలంటేనే అబ్బో అంటాం.

ఇక జీతం. అనుభవమున్న నావికుడికి నెలకు ఇంత మూలవేతనం తగ్గకూడదని ఆ సంస్థ ఒక అంకె చెబుతుంది. 2025లో అది 673 డాలర్లు, అంటే దాదాపు 57 వేల రూపాయలు. అది కూడా వారానికి 48 గంటల పనికి వేసిన లెక్క. గది సర్దేవాళ్ళకు, వడ్డించేవాళ్ళకు మూలవేతనం ఎంతన్నది ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. 2012లో బ్రిటన్ పత్రికల్లో ఒక వార్త పెద్ద దుమారం రేపింది. పేరున్న ఒక కంపెనీ ఓడల్లో కొందరు పనివాళ్ళకు మూలవేతనం గంటకు 75 పెన్నీలేనని. మిగతాది టిప్పులతో పూడాలి. అంటే నెల తిరిగేసరికి ఇంటికి ఎంత పంపగలమన్నది ప్రయాణికుల చిరునవ్వు మీద ఆధారపడిందన్నమాట.

నవ్వు కూడా డ్యూటీయే

టిప్పు మీద బతికే ఉద్యోగంలో ఆడవాళ్ళకున్న కష్టం వేరు. అమెరికాలో టిప్పుల మీద ఆధారపడే పనుల్లో ఉన్నవాళ్ళలో సుమారు మూడింట రెండొంతులు స్త్రీలే. అక్కడి కేంద్ర చట్టం టిప్పులొచ్చే పనివాళ్ళకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలంటుంది. టిప్పులు కలిపినా కనీస వేతనానికి రాకపోతేనే మిగతాది యజమాని పూడ్చాలి. ఆ అంకె 1991 నుంచి మారలేదు! ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టారు.

దీని వేళ్ళు చాలా లోతున ఉన్నాయి. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక పుల్‌మన్ అనే రైలు పెట్టెల కంపెనీ నల్లజాతి మగవాళ్ళను సేవకులుగా పెట్టుకుంది. జీతం చాలా తక్కువ, మిగతాది ప్రయాణికుల దయ. వాళ్ళు 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించుకున్నారు. అంతకుముందే, 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులు ఇవ్వడాన్నే నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేశాయి. 1926 కల్లా అవన్నీ రద్దయిపోయాయి. టిప్పు మాత్రం నిలిచింది.

జీతం ఇచ్చేది యజమాని అయితే, వెకిలిగా మాట్లాడిన కస్టమరుకు గట్టిగా జవాబు చెప్పవచ్చు. జీతం ఇచ్చేది ఆ కస్టమరే అయితే? నవ్వి ఊరుకోవలసి వస్తుంది. క్రూయిజ్ ఓడల్లో అందరి దగ్గరా ఒకే మొత్తం వసూలు చెయ్యడం ఈ బెడదను కొంత తగ్గించింది. పూర్తిగా పోలేదు. ఎందుకంటే ఆ మొత్తాన్ని బిల్లులోంచి తీసేయించుకునే వీలు ఇంకా ప్రయాణికుడి చేతిలోనే ఉంది.

ప్రయాణికులు లేని ఓడ

ఈ ఏర్పాటు ఎంత బలహీనమైనదో 2020 చూపించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడ జపాన్‌లోని యొకొహామా రేవులో కరోనాతో చిక్కుకుపోయింది గుర్తుందా? అందులో ఉన్న 3,711 మందిలో వెయ్యికి పైగా సిబ్బంది. భారతీయులు 138 మంది. వారిలో ప్రయాణికులు ఆరుగురే, మిగతా 132 మందీ పనివాళ్ళు! ప్రయాణికులను గదుల్లోంచి బయటికి రానివ్వలేదు. మరి వాళ్ళకు మూడు పూటలా భోజనం పట్టుకెళ్ళింది ఎవరు? ఈ పనివాళ్ళే. వాళ్ళు మాత్రం ఇరుకు గదుల్లో కలిసి పడుకున్నారు. మొత్తం మీద 712 మందికి వైరస్ సోకింది.

మార్చి వచ్చేసరికి ప్రపంచమంతటా క్రూయిజ్‌లు ఆగిపోయాయి. ప్రయాణికులు ఇళ్ళకు వెళ్ళారు. చాలా ఓడల్లో పనివాళ్ళు నెలల తరబడి సముద్రంలోనే ఉండిపోయారు. ఒప్పందం ముగిసిందంటూ జీతం ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. ఇక టిప్పుల మాట చెప్పేదేముంది? ఇచ్చేవాళ్ళే లేరు. యజమాని ఇవ్వవలసిన జీతాన్ని ప్రయాణికుడి జేబుకు ముడిపెడితే, కష్టకాలంలో ఆ ముడి ముందుగా తెగేది పనివాళ్ళ దగ్గరే.

దసరా మామూలు వేరు, ఇది వేరు

మనకు టిప్పు కొత్త కాదు. పండక్కి పనిమనిషికి చీరె పెడతాం. పోస్ట్‌మ్యాన్‌కు, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకు దసరా మామూలు ఇస్తాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. నెల జీతం ఇచ్చి పండక్కి చీరె పెట్టడం వేరు. "జీతం వంద రూపాయలే, మిగతాది మా ఇంటికొచ్చిన చుట్టాలు ఇస్తారులే" అనడం వేరు. అలా అన్న ఇల్లాలిని ఇరుగుపొరుగు ఏమంటారు? పెద్ద కంపెనీ అదే పని చేస్తే మాత్రం దానికి గ్రాట్యుటీ అనే అందమైన పేరొచ్చింది.

అందుకే ఓడలో ఈ డబ్బు తీసేయించుకోవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చాలా కంపెనీల ఓడల్లో గెస్ట్ సర్వీసెస్ కౌంటరు దగ్గరకు వెళ్ళి అడిగితే తగ్గిస్తారు, పూర్తిగా తీసేస్తారు కూడా. "అందరూ తీసేయించుకుంటున్నారు, మనమూ అడుగుదాం, నాలుగు వందల డాలర్లు మిగులుతాయి" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. మిగిలిన మాట నిజమే. అయితే అది కంపెనీ లాభంలోంచి మిగిలింది కాదు. మన పక్క దులిపిన అమ్మాయి జీతంలోంచి, మనం ఎప్పుడూ చూడని గిన్నెలు తోమే అబ్బాయి జీతంలోంచి మిగిలింది. ఆ అమ్మాయి గోవా పిల్లో, మనీలా పిల్లో, మన విశాఖపట్నం పిల్లో కావచ్చు.

"మా స్టీవార్డుకు చేతికే ఇచ్చాం కదా" అంటారు ఇంకొందరు. మంచిదే. కానీ చేతికిచ్చింది కనిపించేవాళ్ళకే చేరుతుంది. బిల్లులోది కొట్టేసి చేతికివ్వడం కాదు, బిల్లులోది ఉంచి, మనసైతే పైన ఇవ్వడం న్యాయం. సేవ బాగాలేకపోతే ఫిర్యాదు చెయ్యండి. తప్పు సరిదిద్దమనండి. ఒకరి తప్పుకు అందరి జీతం కోయించడం శిక్ష కాదు, అన్యాయం.

అలాగని కంపెనీలను ఊరికే వదిలెయ్యాలా? అక్కర్లేదు. టికెట్ ధరలోనే ఈ డబ్బు కలిపి, జీతంగా ఇవ్వమని అడగాలి. సాధ్యం కాదనుకోకండి. బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ క్రూయిజెస్ 2019 మేలో రోజువారీ గ్రాట్యుటీ తీసేసి, దాన్ని టికెట్ ధరలోనే కలిపేసింది. ఓడలేమీ మునిగిపోలేదు. బ్రిటన్‌లోనే 2024 అక్టోబరు 1 నుంచి మరో చట్టం వచ్చింది. హోటళ్ళు వగైరాల్లో వచ్చిన టిప్పుల్లో యజమాని ఒక్క పెన్నీ కూడా కోసుకోకుండా పనివాళ్ళకే పంచాలి.

మన దగ్గర ఏమవుతోంది?

మన తీరానికీ ఈ ఓడలు వచ్చాయి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు ఊరంతా ఆసక్తిగా చూసింది. 2023 సెప్టెంబరులో అక్కడి రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక సముద్ర విహారం అమెరికా ముచ్చటే అనుకోనక్కర్లేదు.

హోటల్ బిల్లుల విషయంలో మన దగ్గర పెద్ద చర్చే జరిగింది. హోటళ్ళు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జిని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. దానిమీద సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి. వినియోగదారులుగా ఇది మనకు మంచిదే. కానీ ఇందులో రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సర్వీస్ ఛార్జి పోతే వడ్డించే మనిషి జీతం పెరిగిందా? బిల్లు తగ్గినందుకు సంతోషించిన మనం ఆ ప్రశ్న కూడా అడగాలి కదా!

పిల్లలు ఓడ ఉద్యోగానికి వెళుతుంటే

హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలకు క్రూయిజ్ ఉద్యోగం మంచి అవకాశంగానే కనిపిస్తుంది. తిండి, బస ఓడలోనే. ఖర్చు తక్కువ, డాలర్లలో ఆదాయం. అందులో తప్పేం లేదు. కానీ ఏజెంటు "నెలకు పదిహేను వందల డాలర్లు" అంటే వెంటనే సంబరపడకండి. అందులో మూలవేతనం ఎంత, టిప్పులమీద అంచనా ఎంత అని విడదీసి అడగండి. ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. వారానికి ఏడు రోజులూ పని. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. తిరిగొచ్చాక మళ్ళీ పిలుపు వచ్చేదాకా జీతం ఉండకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని అభ్యర్థి దగ్గర డబ్బు పుచ్చుకోవడం నావికుల ఒప్పందం ప్రకారం నిషేధం. పాస్‌పోర్టు, నావికుల గుర్తింపు పుస్తకం, వైద్య పరీక్షలాంటి వాటి ఖర్చే అభ్యర్థిది. ఏజెంటుకు ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉందా లేదా చూసుకోవాలి. లైసెన్సు ఉన్న సంస్థల జాబితా ఆ కార్యాలయం దగ్గర ఉంటుంది. "రెండు లక్షలు కడితే ఉద్యోగం గ్యారంటీ" అన్నాడంటే అక్కడే ఆగిపోవాలి. నగలు తాకట్టు పెట్టే ముందు ఆ జాబితా చూడటానికి ఒక పూట చాలు.

ఓడ ఎక్కే ముందు

• టికెట్ ధరను గ్రాట్యుటీ కలిపి పోల్చుకోండి. మనుషుల సంఖ్యను రోజులతో, రోజువారీ మొత్తంతో హెచ్చించండి. తక్కువ ధర అనుకున్నది ఒక్కోసారి ఎక్కువే అవుతుంది.

• చాలా కంపెనీల్లో ముందుగానే కట్టెయ్యవచ్చు. ప్రయాణం చివర పెద్ద బిల్లు చూసి ఉలిక్కిపడే బాధ తప్పుతుంది.

• పానీయాల బిల్లులో 18 లేదా 20 శాతం ముందే కలిసి ఉంటుంది. అదే బిల్లుపై 'అదనపు టిప్పు' అని ఖాళీ గడి కనిపిస్తే, అది నింపడం మీ ఇష్టం. తప్పనిసరి కాదు.

• పిల్లల చేత ఖర్చు పెట్టిస్తున్నామని మొహమాటపడే పెద్దవాళ్ళు "ఆ గ్రాట్యుటీ తీసేయించరా" అనకండి. ఆ డబ్బు ఎవరి ఇంటికి వెళుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

• సేవ బాగుంటే పనివాళ్ళ పేరు గుర్తుపెట్టుకుని, ఓడ దిగేటప్పుడు ఇచ్చే అభిప్రాయ పత్రంలో రాయండి. మళ్ళీ ఒప్పందం దొరకడానికి, పై ఉద్యోగం రావడానికి ఆ నాలుగు మాటలు ఉపయోగపడతాయి.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. గ్రాట్యుటీ మనం కట్టడమేమిటంటే, కట్టవలసినవాళ్ళు తప్పుకున్నారు కాబట్టి. వాళ్ళు తప్పుకున్నారని మనమూ తప్పుకుంటే, ఆ భారమంతా పడేది మన ఎంగిలి పళ్ళెం ఎత్తిన చేతుల మీద. డబ్బు కడదాం. కడుతూనే, ఇది మీరివ్వవలసిన జీతం కాదా అని కంపెనీని అడుగుదాం.